మాత్రలు మానేసిన నలభై రోజులు

పోయిన నెల ఈ కాలమ్‌లో ఆసుపత్రి గురించి ఒక మాట రాస్తే, ఇన్‌బాక్స్‌లో ఒక తమ్ముడు అడిగాడు: "అక్కా, మీరు కష్టంలో దేవుణ్ణి నమ్ముకున్నారా, నమ్ముకున్నాక కష్టం పోయిందా?" రెండు ఒకటే ప్రశ్నలా కనిపిస్తాయి గానీ, కాదు. నాకు నమ్మకం వచ్చింది, కష్టమూ పోయింది. ఒకదాని వల్ల ఇంకొకటి మాత్రం జరగలేదు. అదెట్లాగో చెప్పాలంటే మాత్రలతో మొదలుపెట్టాలి.

2019 జులై. డిగ్రీ అయిపోయింది. తిరుపతిలో ఒక లేడీస్ హాస్టల్‌లో ఉండి డీఎస్సీ కోచింగ్‌కి పోతున్నాను. మూడు వారాలుగా దగ్గు. మందుల షాపులో కొన్న టానిక్కు రెండు సీసాలు ఖాళీ అయ్యాయి. సాయంత్రం ఐదైతే చాలు, ఒళ్లు వెచ్చబడేది. రాత్రి చెమటకు దిండు తడిసిపోయేది. ఉక్కపోత అనుకున్నాను. తిరుపతి ఎండల్లో ఎవరికి చెమట పట్టదు చెప్పండి? జీన్స్ ప్యాంటు నడుం దగ్గర వదులైతే, డైట్ చేయకుండానే సన్నబడ్డానని లోలోపల సంతోషం కూడా వేసింది. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది, సిగ్గూ వేస్తుంది.

కళ్లె పరీక్ష చేశారు. సీబీనాట్ అనే మిషన్ ఉంటుంది, కొన్ని గంటల్లోనే చెప్పేస్తుంది. టీబీ.

హాస్టల్ వాళ్లు మర్యాదగానే చెప్పారు, "ఇంటికి పోయి రెస్ట్ తీసుకోమ్మా" అని. నేను పెట్టె సర్దుతుంటే రూమ్మేట్లు వరండాలో నిలబడ్డారు. లోపలికి రాలేదు. రెండేళ్లు ఒకే కంచంలో తిన్నవాళ్లం. వాళ్ల తప్పని ఇప్పుడు అనుకోను, ఆ వయసులో భయం అట్లాగే ఉంటుంది. ఆ రోజు మాత్రం చిత్తూరు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, దుపట్టా నోటికి అడ్డం పెట్టుకుని, కొండ కనుమరుగయ్యేదాకా ఏడ్చాను.

మాది చిత్తూరు దగ్గర పల్లె. నాయన పోయి అప్పటికి రెండేళ్లు. అమ్మ మామిడి సీజన్లో గుజ్జు ఫ్యాక్టరీకి పోతుంది, మిగతా రోజుల్లో చెనిక్కాయల పని, కూలి పని, ఏది దొరికితే అది. నాకు మంచి తిండి పెట్టాలని డాక్టరమ్మ చెప్పింది. అమ్మ రోజూ ఒక గుడ్డు ఉడకబెట్టి నాకు పెట్టి, తను సంగటి, ఊరిబిండితో సరిపెట్టుకునేది. ప్రభుత్వం టీబీ పేషెంట్లకి తిండి కోసమని అప్పట్లో నెలకు 500 బ్యాంకులో వేసేది. 2024 నవంబర్ నుంచి 1,000 చేశారు. ఆ డబ్బు గుడ్లకే పోయేది.

రోజూ పొద్దున మూడు మాత్రలు. బరువును బట్టి ఇస్తారు. నేను 41 కిలోలు కాబట్టి మూడు, యాభై దాటి ఉంటే నాలుగు. ఒక్కో మాత్రలో నాలుగు మందులు కలిపి ఉంటాయి. మింగిన గంటకే కడుపులో తిప్పుతుంది. మూత్రం ఆరెంజ్ రంగులోకి మారుతుంది. ముందే చెప్పి ఉన్నా, మొదటిసారి చూసినప్పుడు గుండె ఆగినంత పనైంది.

మూడో నెలకు దగ్గు పోయింది. జ్వరం లేదు. నాలుగు కిలోలు పెరిగాను. అసలు ప్రమాదం మొదలైంది ఇక్కడే. బాగా లేనప్పుడు ఎవరూ మందు మానరు, బాగైనట్టు అనిపించినప్పుడే మానేస్తారు. టీబీ సూక్ష్మజీవులు మొదటి రెండు నెలల్లో చాలావరకు చచ్చిపోతాయి. మిగిలినవి మొండివి, నిద్రపోయినట్టు పడి ఉంటాయి. వాటి కోసమే ఆ తర్వాతి నాలుగు నెలలు. ఇదంతా నాకు తర్వాత తెలిసింది.

మా వీధిలో ఒకావిడ నన్ను స్వస్థత కూటానికి తీసుకుపోయింది. అప్పటికి నేను క్రైస్తవురాలిని కాదు. మా ఇంట్లో వెంకన్న స్వామి పటం, గంగమ్మ జాతరకు పొంగళ్లు, అంతే. కానీ అక్కడ కీబోర్డు, పాటలు, నా తల మీద చేయి పెట్టి ఎవరో ఏడుస్తూ ప్రార్థించడం... మూడు నెలలుగా ఎవరూ నన్ను ముట్టుకోలేదండీ. అమ్మ తప్ప. ఆ చేయి తల మీద పడగానే నా లోపల ఏదో కట్ట తెగినట్టయింది. ఇది రాసుకోకపోతే మిగతాదంతా అబద్ధమవుతుంది.

ఆ బోధకుడు నన్ను పిలిచి, నువ్వు బాగయ్యావు, సాక్ష్యం చెప్పు అన్నాడు. తర్వాత ఇంకో మాటన్నాడు. మాత్ర మింగుతున్నంత కాలం నీ నమ్మకం మాత్ర మీదే ఉంటుంది, దేవుడి మీద ఉండదు, నలభై రోజులు ఉపవాస ప్రార్థన చెయ్, మాత్రలు పక్కన పెట్టు అని. డబ్బులు అడగలేదు. అడిగి ఉంటే బహుశా అనుమానం వచ్చేది.

ఆయన చెప్పినందుకే మానేశానని ఇన్నాళ్లూ అందరికీ చెప్పాను. సగమే నిజం. ఆ కడుపు తిప్పుడు నుంచి తప్పించుకోవడానికి నాకొక కారణం కావాలి, ఆయన దేవుడి పేరుతో ఇచ్చాడు. మిగిలిన స్ట్రిప్పులు పాత హ్యాండ్‌బ్యాగులో పెట్టి జిప్ వేశాను. అమ్మకు చెప్పలేదు. మందులిచ్చే ఆశా అక్క ఫోన్ చేస్తే, వేసుకుంటున్నా అని అబద్ధం చెప్పాను. ఒక పూట భోజనం, మోకాళ్ల ప్రార్థన. మొదటి ఇరవై రోజులు ఎంత హాయిగా ఉన్నానో! ముప్పై మూడో రోజు పొద్దున దగ్గితే, తెల్ల బేసిన్‌లో ఎర్ర చుక్క. నలభై పూర్తి చేస్తే పోతుందనుకుని ఇంకో వారం దాచాను. నలభయ్యో రోజు అమ్మ చూసింది.

అమ్మ తిట్టలేదు. బీరువాలోంచి రెండు వేలు తీసి, "పద, అక్క దగ్గరికి పోదాం" అంది. పలమనేరు, పుంగనూరు మీదుగా మదనపల్లె బస్సు. దారంతా నాతో ఒక్క మాట మాట్లాడలేదు.

పెద్దమ్మ మదనపల్లెలో ఉండేది. క్రైస్తవుల ఇంటికి కోడలుగా పోయింది. ఆరోగ్యవరంలో ఆయాగా పనిచేసి రిటైరైంది. ఆ పేరు మీలో చాలామంది విని ఉండరు. మదనపల్లె అంటే టమోటా మార్కెట్టు, హార్స్‌లీ హిల్స్, జనగణమనను ఠాగూర్ ఇంగ్లీషులోకి మార్చిన ఊరు, జిడ్డు కృష్ణమూర్తి పుట్టిన ఊరు, ఇవే కదా గుర్తొచ్చేవి. మా అమ్మమ్మ కాలం వాళ్లకు మాత్రం మదనపల్లె అంటే క్షయ ఆసుపత్రి. "మదనపల్లెకు పోయినాడు" అంటే ఇంకేమీ అడిగేవాళ్లు కాదట.

పెద్దమ్మ నన్ను మంచం మీద కూర్చోబెట్టి, జరిగిందంతా విన్నది. ఆవిడ బైబిల్ చదివే మనిషి, ఆ బోధకుడిని ఒక మాటంటుందనో, నన్ను ఒక మాటంటుందనో చూశాను. ఆవిడ అడిగింది ఒక్కటే. "మిగిలిన మాత్రలు ఉండాయా, పారేసినావా?"

"ఉన్నాయి పెద్దమ్మా."

"అయితే నీకు పూర్తిగా నమ్మకం లేకపోయిందిలే. మంచిదే అయింది," అని నవ్వింది. ఆ నవ్వుకి మా అమ్మకు కోపం వచ్చింది, నాకు ఏడుపొచ్చింది. తర్వాత చెప్పింది: "హిజ్కియా రాజు కథ చదివినావా బిడ్డా? చావుకు సిద్ధమైనాడు. ప్రార్థన చేసినాడు, దేవుడు విన్నాడు. విన్నాక ప్రవక్త ఏం చేయించినాడు? అంజూరపు పండ్ల ముద్ద తెచ్చి పుండు మీద కట్టండన్నాడు. ప్రార్థన వేరే, కట్టు వేరే అని ఆయన అనుకోలా."

రాజుల రెండో గ్రంథం, 20వ అధ్యాయం. చూసుకోండి, నేను కూడా ఆ రాత్రి ఫోన్‌లో చూసుకున్నాను.

మళ్లీ కళ్లె పరీక్ష. మళ్లీ పాజిటివ్. మందులకు లొంగని రకంగా మారిందా లేదా అనేది తేలాలి. మందు మధ్యలో ఆపితే జరిగే ఘోరం అదే, మామూలు టీబీ మొండి టీబీ అయి కూర్చుంటుంది. రిజల్ట్ వచ్చేదాకా నేను చేసిన ప్రార్థనలో ఒక్క పదం కూడా పద్ధతిగా లేదు. మొండిది కాదన్నారు. కోర్సు మొదటి రోజు నుంచి మళ్లీ మొదలు. 2020 జనవరి. ఆరు నెలలు. పెద్దమ్మ దగ్గరే ఉండమన్నారు, అమ్మకు పని పోగొట్టుకునే స్తోమత లేదు.

ఆరోగ్యవరం కథ ఆ ఆరు నెలల్లోనే విన్నాను. కొంత పెద్దమ్మ చెప్పింది, కొంత తర్వాత నేను చదువుకున్నాను. 1915లో మొదలైంది. దాని అసలు పేరు యూనియన్ మిషన్ ట్యుబర్క్యులోసిస్ శానటోరియం. యూనియన్ అని ఎందుకంటే, వేర్వేరు దేశాల, వేర్వేరు సంఘాల మిషన్లు కలిసి పెట్టాయి కాబట్టి. మామూలుగా ఒకరి గుడికి ఇంకొకరు పోని సంఘాలు, క్షయ దగ్గర మాత్రం చేతులు కలిపాయి. మొదటి పెద్ద డాక్టరు క్రిస్టియన్ ఫ్రిమట్-మోలర్ అనే డెన్మార్క్ దొర. సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తులో పొడిగాలి తగులుతుందని ఈ చోటు.

ఇక్కడొక విషయం గమనించండి. 1915 నాటికి క్షయకు మందు లేదు. స్ట్రెప్టోమైసిన్ కనిపెట్టింది 1943లో. అంటే దాదాపు ముప్పై ఏళ్లు ఆ డాక్టర్లు, నర్సులు మందు లేని జబ్బుకు ఆసుపత్రి నడిపారు. ఏమిచ్చేవాళ్లు? గాలి, వెలుతురు, తిండి, విశ్రాంతి. నెలలు, ఒక్కోసారి ఏళ్లు. కొందరు బతికి ఇంటికి పోయేవాళ్లు. పోలేని వాళ్ల పక్కన ఎవరో ఒకరు కూర్చునేవాళ్లు. పెద్దమ్మ పనిలో చేరేసరికి మందులొచ్చేశాయి గానీ, ఆవిడకు పని నేర్పిన ముసలి ఆయాలకు ఆ పాత రోజులు తెలుసు. "వాళ్లు చెప్పేటోళ్లు, కొందరికి మన చేతిలో ఏమీ ఉండదు, చేయి పట్టుకోవడం తప్ప అని. అది కూడా డ్యూటీనే."

ఫ్రిమట్-మోలర్ కొడుకు యోహానెస్ కూడా డాక్టరై ఇక్కడే పనిచేశాడు. ఆసుపత్రికి వచ్చే వాళ్లను చూస్తే సరిపోదు, రాని వాళ్లెందరో తెలియాలని, మదనపల్లె చుట్టుపక్కల ఊళ్లలో ఇల్లిల్లూ తిరిగి పరీక్షలు చేసిన పని ఆయన హయాంలోది. మన దేశంలో పల్లెల్లో క్షయ ఎంత ఉందో తెలిసింది ఇట్లాంటి సర్వేల వల్లే. ఇక 1959లో మద్రాసులో ఒక పరిశోధన ఫలితం బయటికొచ్చింది: పేదవాడు ఇంట్లోనే ఉండి మందులు సరిగ్గా మింగితే, శానటోరియంలో ఉన్నవాడితో సమానంగా బాగవుతాడని. ప్రపంచమంతా టీబీ వైద్యం తీరు మారిపోయింది. నేను పెద్దమ్మ వంటింట్లో కూర్చుని మూడు మాత్రలు మింగడం వెనక ఇంత కథ ఉంది.

ఇంకొకాయన గురించి చెప్పకుండా మదనపల్లె దాటలేను. జేకబ్ ఛాంబర్లేన్. అమెరికా నుంచి వచ్చిన ఆర్కాట్ మిషన్ మనిషి. ఆర్కాట్ మిషన్ అంటే రాయవేలూరు సీఎంసీ పెట్టిన ఐడా స్కడ్డర్ ఇంటివాళ్లు మొదలుపెట్టిందే. ఛాంబర్లేన్ 1863లో మదనపల్లె చేరాడు. అప్పటికి మదనపల్లె కడప జిల్లాలో ఉండేది, చిత్తూరు జిల్లా పుట్టింది 1911లో కదా. (2022లో మళ్లీ విడదీసి అన్నమయ్య జిల్లాలో కలిపారు. మా మదనపల్లెకు అడ్రస్ మారడం అలవాటే.) ఆ ఏడాదే ఆయన తెలుగు దేశమంతా చుట్టి వచ్చే పెద్ద ప్రయాణం చేశాడు. వరదల్లో గోదావరి పక్క అడవిలో ఇరుక్కుపోయి, వెనక పులుల భయం, ముందు నీళ్లు, ఎటూ దిక్కులేక ప్రార్థిస్తే, నది ఒడ్డున కట్టు తెంపుకుని కొట్టుకొచ్చిన పెద్ద పడవ కనిపించిందని తన పుస్తకంలో రాసుకున్నాడు.

మంచి కథ. స్వస్థత కూటాల్లో చెప్పుకునే లాంటి కథ. కానీ అదే ప్రయాణంలో ఆయనకు అడవి జ్వరం పట్టుకుంది. అది పోలేదు. ఆ తర్వాత నలభై ఏళ్లకు పైగా వచ్చిపోతూ, మనిషిని పడేస్తూనే ఉంది. పడవ పంపిన దేవుడు జ్వరం తీసేయలేదన్నమాట. ఆయన మాత్రం మందుల పెట్టెతోనే ఊళ్లు తిరిగాడు, ఆసుపత్రి పెట్టాడు, తెలుగు బైబిల్ సవరణ కమిటీలో ఏళ్ల తరబడి కూర్చున్నాడు. ‘జీసస్ లవ్స్ మీ’ అనే పిల్లల పాటను తెలుగులోకి మార్చి బడి పిల్లలకు నేర్పితే, వారం తిరక్కుండా సందులో ఒక హిందూ పిల్లాడు దాన్ని పాడుకోవడం విన్నానని ఆయన రాశాడు. చివరికి 1908లో మదనపల్లెలోనే పోయాడు. విదేశీ మిషనరీలందరినీ దేవుళ్లను చేయాలని నాకు లేదు, వాళ్ల రాతల్లో మన వాళ్లను చిన్నచూపు చూసిన పేజీలూ ఉన్నాయి, చదువుతుంటే చిరాకేస్తుంది. అయినా ఆ జ్వరం సంగతి నాకు పడవ కన్నా ఎక్కువ పనికొచ్చింది.

మార్చి వచ్చింది. లాక్‌డౌన్. బస్సులు ఆగిపోయాయి, తిరుమలలో దర్శనాలు ఆగిపోయాయి, చర్చిలు మూతపడ్డాయి. ఒక్క దెబ్బకు దేశమంతా నాలాగే అయింది. మూతికి గుడ్డ, మనిషికి మనిషి దూరం, దగ్గితే భయం. "చూసినావా, ఇప్పుడందరూ నీ రూమ్మేట్లే" అని పెద్దమ్మ అంటే చాలా రోజుల తర్వాత పడీ పడీ నవ్వాను.

పెద్దమ్మకు చూపు మందగించింది, శుక్లాలు. ఆపరేషన్ వాయిదా పడింది. సాయంత్రం దీపాల వేళకు నన్ను బైబిల్ చదవమనేది. ఎక్కడి నుంచి చదవాలంటే, "యోబు" అంది. రోజుకు రెండు అధ్యాయాలు. ఆ తెలుగు పాత గ్రాంథికం, మొదట్లో నాలుక తిరగలేదు. తర్వాత తర్వాత ఆ లయ పట్టుకుంది.

యోబు కథ మీకు తెలిసే ఉంటుంది. అన్నీ ఉన్న మనిషి అన్నీ పోగొట్టుకుంటాడు, పిల్లలు పోతారు, ఒళ్లంతా పుండ్లు. ముగ్గురు స్నేహితులు పలకరించడానికి వస్తారు. ఏడు రోజులు ఒక్క మాట మాట్లాడకుండా పక్కన నేల మీద కూర్చుంటారు. ఆ తర్వాత నోరు తెరుస్తారు, అక్కడి నుంచి అధ్యాయాలకు అధ్యాయాలు ఒకటే పాట: నువ్వేదో పాపం చేసి ఉంటావు, అందుకే ఇట్లా జరిగింది. నాకు చదువుతుంటే ఒళ్లు మండిపోయేది. "నీకు నమ్మకం చాల్లేదు" అన్న మాట నేనూ విన్నాను కదా. చివరికి దేవుడు మాట్లాడతాడు. యోబు ఎందుకు బాధపడ్డాడో మాత్రం చెప్పడు! పైగా కోప్పడేది ఎవరి మీద? కేకలు వేసి, పోట్లాడి, నిలదీసిన యోబు మీద కాదు. దేవుడి తరఫున వకాల్తా పుచ్చుకుని మాట్లాడిన ఆ ముగ్గురి మీద.

ఆ పేజీ చదివి ఆపేశాను. "ఏమ్మే, ఆపినావు?" అంది పెద్దమ్మ చీకట్లోంచి.

"మరి నాకెందుకొచ్చింది పెద్దమ్మా ఈ జబ్బు?"

"గాల్లో పురుగు ఉండింది, నీ ఒంట్లో బలం లేకపోయె. హాస్టల్లో కిటికీలు లేవంటివి కదా." కాసేపాగి, "ఎందుకు అని నేను కూడా అడిగినా బిడ్డా, మీ పెదనాయన పోయినప్పుడు. జవాబు రాలా. కానీ అడగతా అడగతా ఉంటే, ఎదురుగా ఎవరో కూర్చుని వింటా ఉన్నట్టు అనిపించింది. అదే నాకుండేది. ఇంకేం లేదు" అంది.

మీరు సాక్ష్యాలు విని ఉంటారు, మెరుపు మెరిసింది, వెలుగు కనిపించింది అని. నాకట్లాంటిదేమీ జరగలేదు. ఏప్రిల్ 10, గుడ్ ఫ్రైడే. గుడి లేదు, పాటలు లేవు. పక్కింటి వాళ్ల కుక్కర్ విజిల్ వినిపిస్తోంది. కీర్తనల్లో 88వది చదివాను. కీర్తనలన్నీ ఎంత చీకట్లో మొదలైనా చివర్లో ఎక్కడో ఒక ఆశతో ముగుస్తాయి, అది మాత్రం చీకటితోనే ముగుస్తుంది. ఇట్లాంటిది కూడా ప్రార్థన కిందే లెక్కా అని ఆశ్చర్యం వేసింది. అయితే నా తెల్ల బేసిన్ కూడా లెక్కే. దాచిన ఆ వారం కూడా లెక్కే. నేను నటించాల్సిన పని లేని ఒక చోటు ఉంది అనిపించింది. దాన్ని నమ్మకం అంటారో లేదో నాకు ఆ రోజు తెలీదు. మర్నాడు పొద్దున మాత్రలు మింగేటప్పుడు మొదటిసారి దండం పెట్టుకున్నాను. మాత్రలతో పాటు, వాటికి కాదులెండి.

జులైలో కోర్సు అయిపోయింది. ఎక్స్‌రే శుభ్రంగా ఉంది. కళ్లె నెగెటివ్. 52 కిలోలు.

ఎదుగుదల అంటారే, అది నాలో ఏం జరిగిందని చాలామంది అడుగుతారు. పెద్దగా చెప్పుకోవడానికేమీ లేదు. రూమ్మేట్లలో ఒకమ్మాయికి నేనే ఫోన్ చేశాను, ఇప్పటికీ మాట్లాడుకుంటాం. అబద్ధం చెప్పిన ఆశా అక్కకు ఎదురుగా నిలబడి క్షమించమన్నాను, "నాకప్పుడే తెలుసు, నీ గొంతు తెలీదా" అంది. అయినా మళ్లీ ఎందుకు రాలేదని అడిగితే, తనకు ఆ నెల ఎంత పనుందో చెప్పింది. ఆ బోధకుడి మీద కోపం? ఉంది. ప్రార్థనలో ఆయన పేరు ఎత్తాలని చాలాసార్లు కూర్చున్నాను. కొన్నిసార్లు అయింది, కొన్నిసార్లు మధ్యలోనే లేచిపోయాను. మీ వీధిలో ఎవరైనా దేవుడి పేరుతో, మంత్రం పేరుతో, ఇంకేదైనా పేరుతో మందులు ఆపమంటే వినకండి. రెండు వారాలు దాటిన దగ్గుకు పరీక్ష ఉచితం, మందులూ ఉచితం.

రెండేళ్లు ఆగి బాప్తిస్మం తీసుకున్నాను. తొందరేమీ లేదని పెద్దమ్మే ఆపింది. "జబ్బులో ఉన్నప్పుడు తీసుకునేది మొక్కుబడి అయితాది. బాగున్నప్పుడు తీసుకో" అంది.

అమ్మ భయం దేవుడి గురించి కాదు, సర్టిఫికెట్ గురించి. మేం ఎస్సీలం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులకే ఎస్సీ హోదా. తర్వాత 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను కలిపారు. క్రైస్తవులను కలపలేదు. మన రాష్ట్రంలో క్రైస్తవంలోకి మారిన ఎస్సీలు బీసీ-సీ. పదిహేను శాతం వాటా నుంచి ఒక శాతంలోకి. కులం మారిందా అంటే మారదు, ఊళ్లో మా ఇల్లు ఉన్నచోటే ఉంది, మమ్మల్ని పిలిచే పిలుపూ అదే. కాగితం మీద మాత్రం మారుతుంది. అందుకే చాలామంది ఆదివారం చర్చికి పోతారు, కాగితం జోలికి పోరు. వాళ్లను తప్పుపట్టే అర్హత నాకు లేదు, కడుపు మాడిన వాళ్లకే తెలుస్తుంది ఒక ఉద్యోగం విలువ. నేను మాత్రం మళ్లీ అబద్ధం చెప్పలేననిపించింది. ఆశా అక్కకు ఫోన్‌లో చెప్పిన అబద్ధం చాలు అనుకున్నాను.

ఏళ్ల తరబడి ఎదురుచూసిన మెగా డీఎస్సీ 2025లో పడింది. బీసీ-సీలో రాశాను. రాలేదు. ఎస్సీలో రాసి ఉంటే వచ్చేదా అని అమ్మ మా బంధువుల మార్కులతో లెక్కలు వేసింది. నేను వేయలేదు. అబద్ధం, నేనూ వేశాను. రాత్రి పదకొండింటికి ఫోన్ వెలుగులో.

ఇక అమ్మ సంగతి. నా కోర్సు అయిపోయి, కొండకు దారులు మళ్లీ తెరిచాక, అమ్మ అలిపిరి నుంచి మెట్లెక్కింది. మూడున్నర వేల మెట్లు, మోకాళ్ల నొప్పులతో. కళ్యాణకట్టలో తలనీలాలిచ్చింది. నాకు జబ్బని తెలిసిన రోజే మొక్కుకుందట, నాకు చెప్పలేదు. గుండుతో, పసుపూ చందనంతో గడపలో నిలబడిన అమ్మను చూసి నాకు మాట రాలేదు. నడుం దాకా జడ ఉండేది ఆవిడకి. నాయన దువ్వి పెట్టేవాడు దాన్ని.

బాప్తిస్మం ముందు రోజు రాత్రి, అదే గడపలో కూర్చుని అడిగింది. "అయితే నిన్ను బాగుచేసింది ఎవురు మే? మీ పెద్దమ్మ దేవుడా, మా స్వామా?"

"మాత్రలు మా" అన్నాను.

"అది నాకూ తెలుసు. మాత్రలు ఎవురిచ్చినారు?"

ఆ ప్రశ్నకు నా దగ్గర నా జవాబు ఉంది. దాన్ని ఆ గుండు ముందు చెప్పడానికి నోరు రాలేదు. ఇప్పటికీ చెప్పలేదు. మర్నాడు అమ్మ నాతో చర్చికి వచ్చింది, వెనక వరుసలో తలకు కొంగు కప్పుకుని కూర్చుంది. నీళ్లలోంచి లేచి చూస్తే, తన తువ్వాలు పట్టుకుని నిలబడి ఉంది, "జలుబు చేస్తాది, తుడుచుకో" అంటూ.

పెద్దమ్మ ఆ తర్వాతి ఏడాది పోయింది. కంటి ఆపరేషన్ అయి, మళ్లీ తనే చదువుకుంటూ, ఒక రాత్రి నిద్రలో.

పోయిన వారం రికార్డుల కోసం పాత ఫైలు వెతుకుతుంటే 2020 నాటి ఎక్స్‌రే కనపడలేదు. అమ్మను అడిగాను. దేవుడి గూట్లో, స్వామి పటం వెనక నుంచి తీసింది. కుంకుమ అంటుకుని ఉంది కవరుకి. ఫైలులో పెట్టుకుంటానంటే ఇవ్వలేదు. "ఫోన్‌లో ఫోటో తీసుకో. ఇది నాది" అంటూ వెనక్కి లాక్కుని, మళ్లీ గూట్లోనే పెట్టేసింది.